ఖాళీ బరువు

గోబీ ఎడారిలో, సరిహద్దుకి పోయే దారి మొదట్లో
మా కాటా గది.
ఒక హీటరు, ఒక బల్ల, ఒక కిటికీ.
కిటికీ పొద్దున్నే తుడుస్తాను.
మధ్యాహ్నానికల్లా మళ్ళీ కాటుక పెట్టుకుంటుంది.

లారీ ఎక్కుతుంది, కింద ఇనుము మూలుగుతుంది.
ముందు ఖాళీ బరువు రాస్తాను,
నింపుకొచ్చాక నిండు బరువు.
ఇందులోంచి అది తీసేస్తే మిగిలేదే
దేశం తినే తిండి అంటారు రేడియోలో.
పంతుళ్ళ జీతాలు, ఆస్పత్రి మంచాలు,
రాజధానిలో తెల్లవార్లూ వెలిగే వీధులు
అన్నీ ఈ తీసివేతలోంచే పుడతాయట.
అబద్ధమనను.
తమ్ముడి పళ్ళకి కట్టించిన తీగ కూడా అందులోదే.

తుమెన్ అని ఒక డ్రైవరు.
పోయినసారి సరిహద్దు దగ్గర పదకొండు రోజులు వరసలో నిలబడ్డాడు.
లారీ అద్దంలో గడ్డం గీసుకున్నాడు,
ఫోనులో కూతురి మొదటి ఏడుపు విన్నాడు.
ఖాళీ లారీతో తిరిగొచ్చి, కిటికీలోంచి తల దూర్చి
"మూడు కిలోల రెండు వందలు" అన్నాడు.
ఆ రోజు పుస్తకం అంచున అదీ రాశాను.
పై అధికారి వేలు పెట్టి ఇదేమిటంటే
నికర బరువన్నాను.

మా పిన్ని ఖండ్సురెన్ గుడారం
ఇక్కడికి గుర్రం మీద గంట దూరం.
అరవై ఏళ్ళు ఈ బొగ్గు మీదే పడుకుంది, తెలియక.
మొదట గొట్టాలతో వచ్చినవాళ్ళు
నేల నాడి పట్టి చూశారు,
చెక్కపెట్టెల్లో నల్లటి కడ్డీలు పేర్చారు,
తరాలు తిన్నా తరగదన్నారు.
ఎన్ని తరాలో పిన్ని అడిగింది.
వాళ్ళు ఆమె పోసిన టీ తాగి, బాగుందన్నారు.

తర్వాత ప్రతి పౌరుడికీ వాటా అన్నారు.
ఎర్ర ముద్రతో కాగితం వచ్చింది.
దాన్ని పెట్టె మీద, బాబాయి ఫోటో పక్కన నిలబెట్టింది.

వసంతంలో మేకల్ని దువ్వింది.
ఉన్ని కొనేవాడు గుప్పెడు తీసి
తెల్లగుడ్డ మీద దులిపాడు. గుడ్డ నల్లబడింది.
"నీ మేకలూ బొగ్గు మోస్తున్నాయే" అని నవ్వి
కిలోకి పావు వంతు ధర కోశాడు.
పిన్ని బేరమాడలేదు.
"అయితే ఆ బొగ్గు విడిగా తూచి, దాని డబ్బివ్వు" అంది.

ఆమె పొయ్యిలో ఇప్పటికీ పిడకలే.
మా బొగ్గు ఉక్కు కోసం పుట్టిన బొగ్గు,
పాలు కాచడానికి కాదు.

ఈ చలికాలం, పిడకలు కూడా మంచు పట్టిన రోజుల్లో,
ఒంటె మీద కాటా దగ్గరికే వచ్చేసింది.
కోటు లోపల్నించి ఎర్ర ముద్ర కాగితం తీసి
"నా వాటాలో ఒక్క బస్తా ఇప్పించు."
వాటా అంటే బొగ్గు కాదు పిన్నీ,
బొగ్గు అమ్మితే వచ్చే లాభంలో...
"లాభం మండుతుందా?"

వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి.
ఆమె కాటా దిగలేదు.
అంకె దానంతటదే వెలిగింది: ఐదు వందల అరవై.
ఆమె, ఒంటె, ఒక పాల క్యాను.
"ఇది ఖాళీ బరువా, నిండు బరువా?" అని అడిగింది.
నా పుస్తకంలో దానికి గడి లేదు.

దారి పక్కన రాలిన ముక్కలు ఏరుకుంటూ పోయింది,
గింజలేరే పక్షిలా వంగి, లేచి, వంగి.
తుమెన్ లారీ కాటా దిగి, ఆమె పక్కకి వెళ్ళి ఆగింది.
దిగాడు. టైరు తన్ని చూశాడు.
టార్పాలిన్ ముడి ఒకటి సవరించాడు,
బిగించాడో వదులు చేశాడో
నా కిటికీ అప్పటికే నల్లబడింది, కనబడలేదు.

పన్నెండో రోజున సరిహద్దు కాటా నుంచి ఫోను.
మీ లెక్కకి నలభై కిలోలు తక్కువొచ్చింది, ఏమైంది?

గాలికి పోయుంటుందన్నాను.
ఇక్కడి గాలి సంగతి మీకు తెలియనిదా.